సుహైలీ, మాదేయి: రెండు కాలాల తెరచాప పడవలు – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

1964లో బొంబాయిలో నీటికి దిగిన 32 అడుగుల సుహైలీ, 2009లో గోవాలో భారత నౌకాదళం చేతికి వచ్చిన 56 అడుగుల మాదేయి రెండూ ఒంటరి నావికుడితో, ఏ రేవులోనూ ఆగకుండా భూగోళాన్ని చుట్టి వచ్చిన పడవలు. మొదటిదానికి 312 రోజులు, రెండవదానికి 150 రోజులు పట్టాయి. ఈ అంతరానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: ఒకటి పరిమాణం, మరొకటి కాలం. ఈ రెండింటిని విడదీసి, దేని వాటా ఎంతో లెక్కగట్టడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు 2018లో పాత నమూనా పడవలతో జరిగిన పందెం ఫలితాలు ఆధారంగా ఉపకరిస్తాయి. వేగంతో పాటు, నడిసముద్రంలో ఒక మనిషి తన చేతులతో ఏది బాగుచేసుకోగలడనే అంశాన్ని కూడా కొలమానంగా తీసుకోవాలని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెరచాప పడవ, సుహైలీ, మాదేయి, తారిణి, కీల్, నీటిరేఖ, ఒంటరి సముద్రయానం, భూప్రదక్షిణ.

1. ఉపోద్ఘాతం

పెద్ద పడవ వేగంగా పోతుందని, కొత్త పడవ సురక్షితమని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే వేర్వేరు కాలాలకు చెందిన ఒక చిన్న పడవను, ఒక పెద్ద పడవను పక్కపక్కన నిలబెట్టి పోల్చినప్పుడు, కనిపించిన తేడా పొడవు వల్ల వచ్చిందా, నడుమ గడిచిన సంవత్సరాల వల్ల వచ్చిందా అని తేల్చడం సులభం కాదు. రెండు కారణాలూ ఒకేసారి మారినప్పుడు ఒక్కొక్కదాని ప్రభావాన్ని వేరుచేయడం ఏ పరిశోధనలోనైనా చిక్కే.

ఈ చిక్కు విప్పడానికి సుహైలీ, మాదేయి పడవల జంట అనుకూలమైనది. రెండూ భారత పశ్చిమతీరంలో నిర్మితమైనవే. రెండూ దక్షిణార్ధగోళంలోని మూడు మహా అగ్రాలను, అనగా గుడ్‌హోప్, లూవిన్, హార్న్ అగ్రాలను దాటుకుంటూ పోయాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, మాదేయిని నడిపిన నావికుడే తర్వాత సుహైలీకి ప్రతిరూపంగా కట్టిన పడవలోనూ అదే సముద్రాల మీదికి వెళ్ళాడు. మనిషి మారకుండా పడవ మాత్రమే మారిన ఇటువంటి సందర్భం సముద్రయాన చరిత్రలో అరుదు.

2. రెండు పడవల పుట్టుక

సుహైలీ కథ ఒక పొరపాటుతో మొదలవుతుంది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీలో అధికారిగా పనిచేస్తున్న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, మరి ఇద్దరు సహోద్యోగులు కలిసి బొంబాయిలో ఒక పడవ కట్టించుకొని, దానిలోనే ఇంగ్లండు చేరాలనుకున్నారు. ఒక ప్రకటన చూసి నక్షాకు సొమ్ము పంపారు. వచ్చినది వారు కోరిన నమూనా కాదు. అమెరికన్ రూపకర్త విలియం అట్కిన్ 1920లలో గీసిన ‘ఎరిక్’ నమూనా అది. నార్వే తీరంలో ప్రాణరక్షక పడవలు రూపొందించిన కొలిన్ ఆర్చర్ సంప్రదాయానికి చెందినది. ముందూ వెనకా రెండు కొనలూ కోసుగా ఉండి, అడుగున పొడవాటి కీల్ కలిగి, బరువుగా ఉంటుంది. కీల్ అంటే పడవ అడుగున వెన్నెముకలాగా సాగే భాగం. అప్పటికే పాతబడిన నమూనా అయినా, చేతికొచ్చిన దానితోనే పని మొదలుపెట్టారు.

నిర్మాణం కొలాబాలోని ఒక పడవల కర్మాగారంలో జరిగింది. పని అంతా టేకుతో. వడ్రంగులు బాడిశలతో పలకలు చెక్కారు, తాడు చుట్టి లాగే చేతి బరమాలతో రంధ్రాలు వేశారు. వాడల నిర్మాణానికి పేరొందిన గోదావరి ముఖద్వారపు కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల వడ్రంగి ఈ పనిముట్లను చూసి ఆశ్చర్యపోయి ఉండడు. సుహైలీ గురించి రాసిన వ్యాసాలలో అట్కిన్ పేరుకు దొరికిన చోటు బాడిశ పట్టిన చేతులకు దొరకలేదన్నది ఇక్కడ ప్రస్తావించదగిన విషయం. 1964 డిసెంబరులో పడవ నీటికి దిగింది. డెక్కు మీద పొడవు 32 అడుగుల 5 అంగుళాలు, నీటిరేఖ వద్ద 28 అడుగులు, వెడల్పు 11 అడుగుల 1 అంగుళం, నీటిలో మునిగే లోతు 5 అడుగుల 6 అంగుళాలు. పారసీక సింధుశాఖలో అరబ్బు నావికులు ఆగ్నేయపు గాలిని పిలిచే పేరే దీనికి పెట్టారు.

1968లో లండన్ పత్రిక సండే టైమ్స్ గోల్డెన్ గ్లోబ్ పందెం ప్రకటించినప్పుడు నాక్స్-జాన్‌స్టన్ మొదట ఆశించినది సుహైలీని కాదు. కొలిన్ మడీ రూపకల్పన చేసిన, 50 అడుగులు దాటిన ఉక్కు పడవ ఒకటి కట్టించుకోవాలని ప్రయత్నించాడు. డబ్బు సమకూరలేదు. అంటే చిన్న పడవ ఎంపిక సిద్ధాంతం వల్ల జరగలేదు, గత్యంతరం లేక జరిగింది. అతడు 1968 జూన్ 14న ఫాల్మౌత్ విడిచి 1969 ఏప్రిల్ 22న తిరిగి వచ్చాడు. బయలుదేరిన తొమ్మిదిమందిలో గమ్యం చేరినవాడు అతడొక్కడే.

మాదేయి పుట్టుక ఇందుకు పూర్తిగా భిన్నం. వైస్ అడ్మిరల్ మనోహర్ ఆవటి చొరవతో భారత నౌకాదళం ‘సాగర్ పరిక్రమ’ పథకం చేపట్టింది. భారతీయుడు, భారతదేశంలో కట్టిన పడవలో, ఒంటరిగా భూమిని చుట్టిరావాలన్నది లక్ష్యం. డచ్ రూపకల్పన సంస్థ వాన్ డి స్టాట్ వారి ‘టోంగా 56’ నమూనాను ఎంచుకున్నారు. గోవాలో రత్నాకర్ దండేకర్ నడిపే నిర్మాణశాల దీనిని కట్టింది. సన్నని ఎర్ర దేవదారు బద్దీలను పక్కపక్కన అతికి, లోపలా బయటా గాజునార, ఎపాక్సీ రెసిన్ పొరలు పరిచారు. పొడవు 56 అడుగులు, బరువు సుమారు 23 టన్నులు, నీటిలో మునిగే లోతు సుమారు రెండున్నర మీటర్లు. ఒకే ఒక అల్యూమినియం తెరచాప స్తంభం. పేరు గోవాలోని మాండవి నదికున్న పాత పేరు. 2009 ఫిబ్రవరిలో నౌకాదళం దీనిని స్వీకరించింది. 2009–10లో కమాండర్ దిలీప్ దోండే నాలుగు రేవుల్లో ఆగుతూ ఈ పడవలో భూప్రదక్షిణ పూర్తిచేశాడు. 2012 నవంబరు 1న ముంబయి విడిచిన అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా 2013 మార్చి 31న తిరిగి వచ్చాడు.

3. పొడవు – వేగం: లెక్క ఎంతవరకు నిలుస్తుంది?

312 రోజులకు 150 రోజులతో పోలిక పెట్టి, కొత్త పడవ రెండింతలు వేగవంతమని చెప్పడం తొందరపాటు. ఫాల్మౌత్ నుంచి బయలుదేరిన పడవ అట్లాంటిక్ మహాసముద్రాన్ని రెండుసార్లు నిలువునా దాటాలి. ముంబయి నుంచి బయలుదేరిన పడవకు దారి తక్కువ. సుహైలీ నడిచినది 30,123 నాటికల్ మైళ్ళు. మాదేయి నడిచినది సుమారు 23 వేలు. కనుక రోజుల లెక్క వదిలి సగటు వేగాన్ని పట్టుకోవాలి. సుహైలీ సగటు గంటకు 4.02 నాట్లు, మాదేయి సగటు సుమారు 6.4 నాట్లు. నిష్పత్తి రెండింతలు కాదు, దాదాపు 1.6 రెట్లు.

ఇందులో పొడవు వాటా ఎంత? నీటిని తోసుకుంటూ పోయే ఏ పడవైనా తన వెంట ఒక అలను పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ నీటిరేఖ పొడవుకు సమానమైనప్పుడు పడవ తాను పుట్టించిన అల ముందు శిఖరానికీ వెనుక శిఖరానికీ మధ్య పల్లంలో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి వేగం పెంచాలంటే ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కాలి. అందుకు కావలసిన శక్తి బరువైన పడవకు తెరచాపల నుంచి లభించదు. ఈ హద్దును స్థూలంగా లెక్కించే సూత్రం సులభమైనది: నీటిరేఖ పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 28 అడుగుల సుహైలీకి ఈ హద్దు 7.1 నాట్లు. మాదేయి నీటిరేఖను తక్కువలో తక్కువగా 48 అడుగులు అనుకున్నా హద్దు 9.3 నాట్లు. అంటే పొడవు ఒక్కటే పనిచేసి ఉంటే మాదేయి సుహైలీ కన్నా 1.3 రెట్లు వేగంగా, సగటున 5.3 నాట్లతో పోవాలి. నిజంగా పోయినది 6.4. రెండు పడవల నడుమ ఉన్న 2.4 నాట్ల తేడాలో సుమారు సగం పొడవు ఇచ్చినది. మిగిలిన సగానికి వేరే కారణం వెతకాలి.

ఆ కారణం సుహైలీ లెక్కలోనే దొరుకుతుంది. దాని సగటు వేగం దాని హద్దులో 57 శాతం మాత్రమే. మాదేయి తన హద్దులో 69 శాతం అందుకుంది. అంటే సుహైలీని ఎక్కువ కాలం ఆపినది అల గోడ కాదు, నీటి రాపిడి. తక్కువ వేగంలో పడవను వెనక్కి లాగేది ప్రధానంగా పడవ చర్మానికీ నీటికీ మధ్య ఘర్షణే. పొడవాటి కీల్ ఉన్న పడవకు నీటిలో తడిసే ఉపరితలం ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ దాని మీద గూస్ బార్నకిల్స్ అనే నత్తజాతి పోలిన జీవులు గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. నిజానికి అవి నత్తలు కావు, రొయ్యలకు దూరపు బంధువులు. భూమధ్యరేఖ దగ్గర గాలి పలచబడినప్పుడు ఇటువంటి పడవ దాదాపు నిలిచిపోతుంది.

ఈ నిర్ధారణ ఊహామాత్రం కాదనడానికి 2018 నాటి గోల్డెన్ గ్లోబ్ పందెం సాక్ష్యం. తొలి పందేనికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా జరిగిన ఆ పోటీలో 32 నుంచి 36 అడుగుల లోపు, 1988కి ముందు రూపకల్పన పొందిన, పొడవాటి కీల్ గల పడవలకు మాత్రమే ప్రవేశం. ఉపగ్రహ దిక్సూచన నిషిద్ధం. దారి చూసుకోవడానికి సెక్స్టెంట్, కాగితపు పటాలు మాత్రమే. గెలిచిన ఫ్రెంచి నావికుడు జాఁ-లూక్ వాన్ డెన్ హేడ్ 36 అడుగుల రస్ట్లర్ పడవలో 212 రోజుల్లో తిరిగి వచ్చాడు. ఆ పడవ నీటిరేఖ 27 అడుగులు కూడా లేదు, అంటే సుహైలీ కన్నా కొంచెం తక్కువే. దారిని సుమారు 30 వేల మైళ్ళుగా లెక్కిస్తే అతని సగటు 5.9 నాట్లు, హద్దులో 85 శాతం. దాదాపు మాదేయి వేగం! పొడవు పెరగకుండానే, ఎలక్ట్రానిక్ పరికరాలు లేకుండానే, రాపిడి తగ్గిన అడుగుభాగం, సాగిపోని తెరచాప వస్త్రం, నమ్మదగిన గాలిచుక్కాని, రేడియోలో వినవచ్చే వాతావరణ సమాచారం, ఒక ప్రవీణుని చేయి కలిసి ఇంత చేశాయి.

అదే పందెంలో ఐదవవాడుగా వచ్చిన ఫిన్లండు నావికుడు టాపియో లెహ్టినెన్ పడవ అస్టేరియా కూడా 36 అడుగులదే. దానికి పట్టిన కాలం 322 రోజులు, 1969 నాటి సుహైలీ కన్నా పది రోజులు ఎక్కువ. అడుగుభాగమంతా బార్నకిల్స్ అల్లుకుపోవడమే ఇందుకు ప్రధాన కారణం. ఒకే పరిమాణం, ఒకే కాలం, ఒకే పందెం. అయినా రెండు పడవల మధ్య 110 రోజుల తేడా. పడవల తులనాత్మక పట్టికలలో పొడవు, వెడల్పు, బరువు, తెరచాప వైశాల్యం తప్పక ఉంటాయి. అడుగుభాగపు శుభ్రతకు అందులో గడి ఉండదు. ఆ పట్టికల మీద ఆధారపడి తీర్పులు చెప్పేవారు గమనించవలసిన లోపమిది.

4. బరువు, స్తంభాలు, మనిషి బలం

సుహైలీని ఉన్న నమూనాలోనే 56 అడుగులకు సాగదీస్తే ఏమవుతుంది? పొడవు 1.73 రెట్లవుతుంది. ఘనపరిమాణం దాని ఘనానికి తగ్గట్టు, అంటే ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. సుహైలీ బరువు సుమారు 9 టన్నులు అనుకుంటే సాగదీసిన పడవ 46 టన్నులు తూగాలి. మాదేయి బరువు అందులో సగం. ఈ సగాన్ని తగ్గించినది కాలం. చెక్కకు రెసిన్, గాజునార తోడవడం వల్ల అదే బలానికి తక్కువ ద్రవ్యం సరిపోయింది. రూపకర్తలు పొడవైన కీల్ స్థానంలో లోతైన, పొట్టి రెక్కవంటి కీల్ పెట్టి, బరువును కిందికి దించి, తడిసే ఉపరితలాన్ని తగ్గించారు. పరిమాణం వేరు, కాలం వేరు అని చూపించడానికి ఇంతకన్నా స్పష్టమైన అంకె దొరకదు.

తేలికదనానికి ప్రతిఫలం ఉన్నట్టే మూల్యమూ ఉంది. పొడవుతో పోల్చి బరువును కొలిచే ఒక సూచిక పడవల రూపకర్తలు వాడతారు. ఆ సూచికలో సుహైలీ 400 దాపు, మాదేయి 200 దాపు. మొదటిది అలను చీల్చుకుంటూ నెమ్మదిగా ఊగుతుంది. రెండవది అల మీదికి చురుగ్గా లేస్తుంది. అయితే మాదేయి మొత్తం బరువు ఎక్కువ కాబట్టి, లోపల ఉన్న మనిషికి తగిలే కుదుపు చిన్న పడవలో కన్నా తక్కువే.

తెరచాపల విషయంలో ఒక మౌలికమైన ఇబ్బంది ఉంది. పడవ పెరిగినా మనిషి పెరగడు. సుహైలీకి రెండు స్తంభాలు. సుమారు 666 చదరపు అడుగుల తెరచాపను చిన్న చిన్న ముక్కలుగా పంచుకున్నది. గాలి పెరిగితే ఒక్కొక్క ముక్కనూ ఒంటిచేత్తో దించవచ్చు. మాదేయికి ఉన్నది సుమారు 25 మీటర్ల ఎత్తైన ఒకే స్తంభం. దాని మీది ప్రధాన తెరచాపను, ముందు తెరచాపలను ఒక మనిషి అదుపు చేయగలుగుతున్నాడంటే అందుకు వించీలు, చాపలా చుట్టుకుపోయే తెరచాపల అమరిక, నూలుకన్నా ఎన్నో రెట్లు గట్టివైన కృత్రిమ తాళ్ళు కారణం. 1968లో నాక్స్-జాన్‌స్టన్‌కు కోరుకున్న పెద్ద ఉక్కు పడవ దొరికి ఉంటే, అప్పటి సాధనాలతో దానిని ఒంటరిగా నడపగలిగేవాడా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ఆ రోజుల్లో డబ్బు లేకపోవడం అతనికి మేలే చేసి ఉండవచ్చు.

5. తుఫానులో చిన్న పడవ: ‘తురీయ’ అనుభవం

1979లో ఫాస్ట్‌నెట్ పందెంలో పట్టుబడిన తుఫాను 15 మంది నావికులను బలిగొన్న తర్వాత, పడవలు బోర్లాపడే తీరు మీద ప్రయోగశాలల్లో నమూనాలతో పరీక్షలు జరిగాయి. వాటిలో తేలిన విషయం: విరిగి పడే అల ఎత్తు పడవ పొడవులో సగానికి కొంచెం మించి, పక్క నుంచి తగిలితే దాదాపు ఏ పడవైనా తలకిందులవుతుంది. ఇక్కడ నిర్ణాయకం అల ఎత్తు మాత్రమే కాదు, అది విరిగి పడటం. ఈ లెక్కన సుహైలీని తిప్పివేయడానికి సుమారు 18 అడుగుల విరిగే అల చాలు. మాదేయికి 30 అడుగులు కావాలి. దక్షిణ సముద్రాల్లో మొదటిరకం అల వారం వారం ఎదురుకావచ్చు, రెండవది చాలా అరుదు. చిన్న పడవకు ప్రమాదం ఎక్కువన్న సామాన్యజ్ఞానాన్ని శాస్త్రం ఇక్కడ సమర్థిస్తుంది.

2018 పందెం కోసం గోవాలోని అదే నిర్మాణశాలలో సుహైలీకి ప్రతిరూపంగా ‘తురీయ’ రూపొందింది. నడిపినవాడు అభిలాష్ టామీ. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో, పెర్త్ నగరానికి సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరాన, 70 నాట్ల గాలి వీస్తున్న తుఫానులో ఆ పడవ పల్టీకొట్టి స్తంభాలు కోల్పోయింది. టామీ వెన్నెముకకు తీవ్రమైన గాయమైంది. మూడు రోజుల తర్వాత ఫ్రెంచి మత్స్యపర్యవేక్షక నౌక ఒసిరిస్ అతనిని రక్షించింది. అదే తుఫానులో గ్రెగర్ మెగకిన్ నడుపుతున్న మరో 36 అడుగుల పడవ కూడా స్తంభాలు పోగొట్టుకుంది.

ఈ ఘటన నుంచి సుహైలీ నమూనా లోపభూయిష్టమని తేల్చడం సరికాదు. 1968 సెప్టెంబరులో అసలు సుహైలీ కూడా అదే సముద్రంలో పక్కకు ఒరిగి పడిపోయింది. దాని కేబిన్ కప్పు స్థానం నుంచి కదిలింది, మంచినీటి తొట్లు కలుషితమయ్యాయి. కాని స్తంభాలు నిలిచాయి, పడవ తిరిగి లేచింది, నావికుడు వాననీరు పట్టుకుంటూ ముందుకు సాగాడు. ఒకే రూపం, ఒకే సముద్రం, రెండు భిన్నమైన ఫలితాలు. ఏ అల ఏ క్షణాన ఏ కోణంలో తగిలిందన్నది ఏ నక్షాలోనూ ఉండదు. కాలం తెచ్చిన అసలు మార్పు ఆ తర్వాత జరిగినదానిలో కనిపిస్తుంది. 1968లో సుహైలీ స్తంభాలు పోయి, నాక్స్-జాన్‌స్టన్ వెన్నెముక గాయపడి ఉంటే అతని జాడ ఎవరికీ తెలిసేది కాదు. 2018లో అత్యవసర సంకేతం ఉపగ్రహం ద్వారా నిమిషాలలో తీరం చేరింది. పందెం నియమాలు దారి చూసుకోవడానికి ఉపగ్రహాన్ని నిషేధించాయి గాని, ప్రాణరక్షణకు నిషేధించలేదు.

6. ఒక మనిషి ఏది బాగుచేసుకోగలడు?

సుహైలీ యాత్రలో పనిచేయడం మానేసిన వస్తువుల జాబితా పెద్దది. అట్లాంటిక్‌లోనే కీల్‌కు, పలకలకు మధ్య సందుల నుంచి నీరు రావడం మొదలైంది. గాలి పడిపోయిన రోజున నాక్స్-జాన్‌స్టన్ నీళ్ళలో మునిగి, ఊపిరి బిగబట్టినంతసేపు సందుల్లో నూలు దట్టించి, తారు పూసిన కాన్వాసు పట్టీని, దాని మీద రాగిరేకును మేకులతో బిగించాడు. ఒక పక్క పని నడుస్తుండగా సొరచేప తిరుగుతూ వస్తే పైకెక్కి తుపాకీతో కాల్చి, మళ్ళీ దిగి పని పూర్తిచేశాడు. తానే తయారుచేసుకున్న గాలిచుక్కాని ఆస్ట్రేలియా దక్షిణాన విరిగిపోయింది. రేడియో మూగబోయింది. 1968 నవంబరులో న్యూజీలండు తీరంలో కనిపించిన తర్వాత, 1969 ఏప్రిల్ 6న మొబిల్ యాక్మే అనే చమురు నౌక అట్లాంటిక్‌లో గుర్తించేవరకు, అంటే నాలుగున్నర నెలలు, సుహైలీ ఉందో మునిగిందో లోకానికి తెలియదు.

గాలిచుక్కాని పోయిన తర్వాత కూడా పడవ సగం భూగోళాన్ని దాటడం ఎలా సాధ్యమైంది? ఇక్కడే పొడవాటి కీల్ తన విలువ చూపింది. అటువంటి పడవ తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది. ముందు, వెనుక తెరచాపలను తగిన పాళ్ళలో సరిదిద్ది చుక్కాని కట్టివేస్తే, నావికుడు నిద్రపోయినా పడవ దారి తప్పదు. రాపిడి పెంచి వేగాన్ని తినేసిన ఆ కీలే ఈ సందర్భంలో యాత్రను నిలబెట్టింది. మాదేయి తరహా రెక్క కీల్ పడవ చురుగ్గా తిరుగుతుంది, కాని క్షణక్షణం చుక్కానిని దిద్దుతూ ఉండాలి. ఆ పని విద్యుత్తుతో నడిచే ఆటోపైలట్ చేస్తుంది. విద్యుత్తు పోతే, లేదా చుక్కాని యంత్రాంగం చెడితే, బాగుచేయడానికి బాడిశా, రాగిరేకూ సరిపోవు.

మాదేయికి సోదరి నౌక, అదే నమూనాలో 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరిన తారిణి అనుభవం ఇందుకు ఉదాహరణ. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. ఆరుగురిలో ఇద్దరు తెలుగు ప్రాంతాలవారు: విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులలో ఆగాలన్నది ముందే వేసుకున్న పథకం. కేప్‌టౌన్ తర్వాత చుక్కాని యంత్రాంగంలో లోపం తలెత్తడంతో, పథకంలో లేని మారిషస్ రేవులో 2018 ఏప్రిల్‌లో ఆగి బాగుచేయించుకోవలసి వచ్చింది. ఆగకూడదన్న నియమం లేని యాత్ర కనుక దానివల్ల లోటు ఏర్పడలేదు. నియమం ఉండి ఉంటే యాత్ర అక్కడ ముగిసేది.

అలాగని పాత పడవే మేలన్న తీర్పు కూడా తొందరపాటే. ఆరుగురు మనుషులు ఎనిమిది నెలలు తిని, పడుకొని, వంతులవారీగా కాపలా కాసే చోటు 32 అడుగుల పడవలో లేదు. తెరచాప నౌకాయానాన్ని ఒంటరి వీరుల పరిధి నుంచి ఒక శిక్షణా వ్యవస్థగా మార్చినది తారిణి, మాదేయిల పరిమాణమే. 2024 అక్టోబరు 2న అదే తారిణిలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే బయలుదేరి 2025 మే నెలాఖరులో తిరిగి వచ్చారంటే, మొదటి యాత్రల నాటి అనుభవం ఒక సంస్థలో నిలిచి, పెరిగినట్టు అర్థం. సుహైలీ అనుభవం ఒక మనిషి చేతుల్లో, ఒక పుస్తకంలో మిగిలింది.

ఈ రెండు మార్గాల నడుమ టామీ ఎంచుకున్న మూడవ ప్రయత్నం ఆసక్తికరమైనది. వెన్నెముక గాయం నుంచి కోలుకున్న తర్వాత 2022లో మళ్ళీ గోల్డెన్ గ్లోబ్ పందెంలో దిగినప్పుడు అతడు తురీయ వంటి ప్రతిరూపాన్ని గాని, మాదేయి వంటి పెద్ద పడవను గాని తీసుకోలేదు. పెద్ద పడవకు పందెం నియమాలు ఎలాగూ ఒప్పుకోవు. 212 రోజుల విజేత పడవ జాతికే చెందిన 36 అడుగుల రస్ట్లర్‌ను తీసుకున్నాడు. దారిలో గాలిచుక్కాని భాగాలు విరిగినప్పుడు పడవలో ఉన్న చెక్కనే కోసి అతుకులు వేసుకున్నాడు. 236 రోజుల్లో, 2023 ఏప్రిల్ 29న రెండవవాడుగా గమ్యం చేరాడు.

సుహైలీ కథ అక్కడితో ఆగలేదు. గ్రీనిచ్‌లోని జాతీయ సాగర ప్రదర్శనశాల 1990లలో దానిని ప్రదర్శనకు ఉంచింది. అక్కడి పొడి గాలికి టేకు పలకలు ఎండి, ముడుచుకొని, సందులు విచ్చుకోసాగాయి. నీటిలో ఉంటేనే ఉబ్బి బిగుసుకునే పలకలు అవి. 2002లో నాక్స్-జాన్‌స్టన్ పడవను అక్కడి నుంచి తీసుకుపోయి, సంవత్సరాల తరబడి మరమ్మతులు చేసి, తిరిగి నీటిలోకి దింపాడు. 2018 జూన్‌లో, తొలి ప్రయాణానికి 50 ఏళ్ళు నిండిన రోజున, ఫాల్మౌత్ రేవులో తురీయతో పాటు కొత్త పందెం పడవల సరసన సుహైలీ కూడా తెరచాప ఎత్తింది.